మావయ్యా నేనూ కలిపిన కొండాకు

మా ఆయన దినవారాలు ముగిసిన మర్నాడు ఫ్లాక్‌లో మా పుట్టింటి నుంచి మా నాన్నా అన్నయ్యా రైల్లో వచ్చారు, నన్ను తీసుకెళ్ళడానికి. దీవి రేవు పట్నం పోర్ లూయీలో మేముండే ఇంటి వసారాలో బెంచీ మీద కూర్చున్నారు. మా మావగారే లోపలికి వెళ్ళి టీ కాచి తెచ్చి ఇద్దరికీ ఇచ్చారు. నేను చెయ్యవలసిన పని అది. ఆ రోజు నాకు లేవబుద్ధి కాలేదు. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. మాకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇక మిగిలింది నేనూ మావయ్యా.

మావయ్య ఒక సేఠ్ గారి కొట్లో తేయాకు కలిపేవారు. సిలోన్ నుంచీ ఇండియా నుంచీ వచ్చే తేయాకు పెట్టెల్లో ఏ పెట్టెకా పెట్టె రుచి వేరు. ఒకదానికి రంగుంటుంది గాని వాసన ఉండదు. ఇంకొకదానికి గదంతా నిండే వాసన ఉంటుంది గాని, నాలుగు చుక్కలు పాలు పడితే చాలు, ఎటు పోతుందో తెలీదు. అన్నీ రుచి చూసి, ఏది ఎంత కలిపితే ఏడాది పొడుగునా ఒకే టీ తాగుతున్నట్టు ఉంటుందో తేల్చడం ఆయన పని. మా ఆయన తండ్రి దగ్గరే ఆ పని నేర్చుకుంటూ ఉండేవారు.

"బట్టలు సర్దుకోమ్మా," అన్నాడు నాన్న.

"మావయ్యకి వండిపెట్టేదెవరు?"

"ఆయన సంగతి ఆయన చూసుకుంటారు. నీకింకా ఇరవై ఏళ్ళు నిండలేదు. ఇక్కడుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

మావయ్య నా వైపు చూడలేదు. మా నాన్నతో అన్నారు: "బావగారూ, అమ్మాయి ఇష్టం. ఉంటే నా కూతురు, మీతో వస్తే మీ కూతురు. నేను అడ్డం చెప్పను."

నేను ఉండిపోయాను. మావయ్య మీద జాలితో ఉండిపోయానని మా వాళ్ళు చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. అదొక్కటే కాదు. ఫ్లాక్‌లో మా ఇంట్లో వదినా, పిల్లలూ, చెరుకు తోట పనీ, పొద్దస్తమానం గోల. అక్కడ మా ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆయన గొంతు ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు పక్కన ఉండాలని నాకనిపించింది. అలాంటివాళ్ళలో మిగిలింది మావయ్యొక్కరే.

మా ఆయన్ని తీసుకుపోయింది చలిజ్వరం. పోర్ లూయీలో, సముద్రం పక్కన ఊళ్ళన్నిట్లో, వానలు వెలిశాక ఇంటికొకరు మంచం పట్టేవారు. కలిగినవాళ్ళంతా అప్పటికే మెట్ట మీదికి, క్యూర్‌పిప్‌కి, కాపురాలు మార్చేశారు. సేఠ్ గారు అక్కడో కొట్టు తెరిస్తే, తనని అక్కడికి పంపమని మావయ్య అడిగారు. అలా ఇద్దరం కొండెక్కాం. క్యూర్‌పిప్‌లో జ్వరాలు తక్కువే గాని ఎండ మొహం చూసేది తక్కువ. పొద్దున వాన, మధ్యాహ్నం మంచు, మళ్ళీ వాన. తేయాకుకి అంతకన్న శత్రువు లేదు. చెమ్మ తగిలిందంటే గోనె వాసన వేస్తుంది. కొట్టు వెనక గదిలో బొగ్గుల కుంపట్లు పెట్టి ఆకును జల్లెళ్ళలో ఆరబెట్టేవాళ్ళం.

మొదట్లో నేను మిగతా ఆడవాళ్ళతో కూర్చుని ఆకులోంచి పుల్లలు ఏరేదాన్ని. ఒకరోజు మావయ్య నా ముందు ఒక గిన్నె పెట్టారు.

"ఏముంది ఇందులో?"

"టీ."

"అది నాకూ తెలుసు. నోట్లో ఎక్కడ తగిలింది?"

ఇలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మళ్ళీ ఒక చెంచా తాగి చూశాను. "నాలుక మీద ఏం లేదు. తర్వాత దవడల లోపల పట్టేసింది."

ఆయన తల ఊపి ఇంకో గిన్నె తెచ్చారు.

టీ రుచి చూసేటప్పుడు మింగకూడదు. చెంచాతో గట్టిగా చప్పుడయ్యేలా జుర్రి, నోరంతా తిప్పి, డబ్బాలో ఉమ్మెయ్యాలి. మావగారి ముందు కోడలు జుర్రడమూ ఉమ్మడమూ ఎక్కడైనా ఉందా? నాకు సిగ్గేసి గోడవైపు తిరిగి చేసేదాన్ని. కొన్నాళ్ళు చూసి ఆయన అన్నారు: "గోడకి రుచి తెలీదమ్మా. ఇటు తిరుగు, నీ మొహం చూస్తే నాకు సగం తెలుస్తుంది."

అలా నేర్చుకున్నాను. ఆ ఏళ్ళన్నిట్లో మేమిద్దరం మా ఆయన మాట ఎత్తలేదు. ఆయన చొక్కా ఒకటి మేకుకి అలాగే వేలాడేది. చెమ్మకి బూజు పడితే ఉతికి ఆరేసి మళ్ళీ అక్కడే తగిలించేదాన్ని. అది నేను తగిలించడం మావయ్య చూసేవారు. అంతే.

తర్వాత యూరోప్‌లో యుద్ధం మొదలైంది. ఓడలు తగ్గిపోయాయి. వచ్చిన ఓడల్లో బియ్యానికే చోటు చాలకపోతే తేయాకు ఎవరికి కావాలి? కొట్లో పెట్టెలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. సేఠ్ గారు పోర్ లూయీ నుంచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కొట్టంతా తిరిగారు.

"ఈ దీవిలో పండే ఆకుతో ఏదైనా చెయ్యగలవా?" అని మావయ్యని అడిగారు.

"ఆకు మంచిదే. చేసే పద్ధతి మంచిది కాదు. చూస్తాను," అన్నారు మావయ్య.

ఎవరింటి వెనక తేయాకు పొదలున్నాయో వెతకడానికి ఇద్దరం బయల్దేరాం. నువెల్ ఫ్రాన్స్ అనే ఊరి వైపు బండి మీద వెళ్ళి, దిగి అడవి అంచున బురదలో నడిచేవాళ్ళం. చాలా చోట్ల ఆకుని ఎండలో పడేసి ఎండు గడ్డి చేసి పెట్టేవారు. చివరికి ఒక ముసలామె దొరికింది. మా వాళ్ళే. కొరింగ రేవునుంచి ఓడెక్కి వచ్చిన మా తెలుగువాళ్ళందర్నీ ఈ దీవిలో కొరింగీలనేవారు. ఈమె చిన్నప్పుడు తల్లితో అలా వచ్చిందట. మొగుడు పోయాడు. కొడుకులు చెరుకు తోటలకి పోయారు. ఆమెకి తెలుగు సగమే మిగిలింది, మిగతా సగం దీవిలో అందరూ మాట్లాడే క్రియోలూ భోజ్‌పురీ. తేయాకుని మాత్రం తెలుగులోనే "కొండాకు" అనేది. కోసిన ఆకుని వాడబెట్టి, చాప మీద అరచేతులతో నలిపి, ఎర్రబడేదాకా తడిగుడ్డ కప్పి ఉంచి, ఇనప పెనం మీద ఆరబెట్టేది.

మావయ్య ఆ పొడి అరచేతిలో పోసుకుని వాసన చూశారు. "చెల్లీ, చెయ్యి మంచిది. కట్టెలే తడివి. పొగంతా ఆకులోకి ఎక్కింది."

"ఈ వాన్లో ఎండు కట్టెలు ఎక్కడ తెమ్మంటావు అన్నయ్యా?"

"బొగ్గులు నేను పంపిస్తాను."

పంపించారు. తర్వాత వచ్చిన ఆకులో పొగ లేదు. రంగు చక్కగా దిగింది. కాని ఒక గరుకు ఉండేది, నాలుకని గీకినట్టు. దానికి మా దగ్గర మిగిలిన సిలోన్ ఆకు కాస్త కలిపితే నయమయ్యేది. కాని ఆ సిలోనుదే కొరత. నిమ్మగడ్డి కలిపి చూశాం, అది కషాయంలా తయారైంది. నారింజ తొక్క ఎండబెట్టి వేశాం, పాలు విరిగాయి. ఒకరోజు సేఠ్ గారి వాళ్ళే అమ్మే వనిల్లా కాయల్లో చీలిపోయి అమ్ముడుపోనివి ఒక మూట ఉంటే, నేను సన్నగా కత్తిరించి కొండాకులో వేసి పెట్టెకి మూత బిగించాను. వారం పది రోజులు ఎవరూ దాన్ని తెరవలేదు. తెరిచిన రోజు మావయ్య పెట్టె మీదికి వంగి వాసన చూసి, ఒక గిన్నె కాచి రుచి చూశారు.

"గరుకు పోలేదు," అన్నారు. "కాని ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. దీనికి కింద ఒక మంచి సిలోన్ ఆకు పడితే చాలమ్మా. నాలుగో వంతు."

ఆ నాలుగో వంతు ఎక్కడ్నుంచి వస్తుంది? ఇంతలో రేవుకి ఓడ వచ్చిందనీ, దాన్లో తేయాకు పెట్టెలు కొన్ని ఉన్నాయనీ, ఎవరైనా వచ్చి రుచి చూసి ఏరుకోవాలనీ సేఠ్ గారు కబురు పంపారు. మా ఆయన పోయాక మావయ్య ఒక్కసారి కూడా రేవుకి దిగలేదు. ఎవరో ఒకర్ని పంపేవారు. వాళ్ళు తెచ్చింది తీసుకునేవారు.

"నేను వెళ్తాను మావయ్యా. నాకిప్పుడు తెలుసుగా," అన్నాను.

"ఆ రేవు మాటెత్తకు."

అంత కటువుగా ఆయన నాతో అంతకుముందెన్నడూ మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. కాసేపటికి ఆయనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "ఇద్దరం వెళ్దాం. క్వినైన్ వేసుకుంటేనే," అన్నారు.

రేవు గోదాము వేడిగా, చీకటిగా, పంచదార బస్తాల తీపి వాసనతో ఉంది. కాపలాదారు ఒక క్రియోల్ ముసలాయన. మావయ్యని చూసి టోపీ తీశాడు.

"మీ అబ్బాయి సంగతి విన్నాను. చాలా బాధపడ్డాను," అన్నాడు. తర్వాత నా వైపు చూసి, చెప్పనా వద్దా అన్నట్టు ఆగి, చెప్పాడు. "చివరిసారి వచ్చినప్పుడే ఒళ్ళు వణుకుతోంది. ఇంటికి వెళ్ళు బాబూ, పెట్టెలు రేపు చూడొచ్చు అన్నాను. వినలేదు. తడిసిన పెట్టె ఒక్కటి వెళ్ళినా మా నాన్న పట్టేస్తాడు, అన్నీ చూసే వెళ్తాను అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఒక గోనె కప్పుకుని కూర్చుని అన్నీ చూశాడు."

"ఎక్కడ కూర్చున్నాడు?" అని అడిగారు మావయ్య.

కాపలాదారు కిటికీ కింద ఒక పెట్టె చూపించాడు. మావయ్య వెళ్ళి దాని మీద కూర్చున్నారు. నీళ్ళు మరిగించమన్నారు. ఒక్కొక్క పెట్టెలోంచీ ఆకు తీసి, నీళ్ళు పోసి, మూతపెట్టి, వంచి, రుచి చూశారు. మాకు అక్కర్లేని పెట్టెలు కూడా విప్పించి చూశారు. నేను గిన్నెలు కడిగి అందిస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. గోనె కప్పుకుని కూర్చున్న మనిషి కళ్ళకి కట్టాడు గాని, ఆయన మొహం ఎంత గుర్తు చేసుకున్నా సరిగ్గా రాలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు రైలు మెట్ట ఎక్కుతుంటే మావయ్య కిటికీ వైపు చూస్తూ అన్నారు: "ఆ రోజు వెళ్ళాల్సింది నేను. మోకాళ్ళ నొప్పులని వాణ్ణి పంపాను."

"తెలుసు మావయ్యా."

"తెలుసా?"

"ఆ రోజు నేనూ ఇంట్లోనే ఉన్నానుగా."

"తెలిసే ఉండిపోయావా?"

"ఉండిపోయాను."

ఆయన ఇంకేదో అనబోయారు. అప్పటికి ఫీనిక్స్ స్టేషన్ వచ్చింది. కూరగాయల బుట్టలతో ఆడవాళ్ళు మా రైలు పెట్టెలోకి ఎక్కి మా మధ్య కూర్చున్నారు. ఆ మాట ఏమిటో ఆ తర్వాత నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. కాని ఇంటికి వచ్చాక అన్నం తింటూ, మా ఆయన చిన్నప్పుడు తేయాకు పెట్టెలో దాక్కుని నిద్రపోయిన సంగతి చెప్పారు. ఆ రోజు నుంచి అప్పుడప్పుడూ కొడుకు సంగతులు చెప్పేవారు. నేను పప్పు ఏరుతూ వినేదాన్ని. నాకు కాపురంలో దొరికింది కొద్ది కాలం. మా ఆయన జీవితంలో అంతకు ముందరిదంతా మావయ్య మాటల్లోనే దొరికింది.

మా టీ బాగానే అమ్ముడైంది. కాగితం పొట్లాల మీద ఓడ బొమ్మ వేయించారు సేఠ్ గారు. క్యూర్‌పిప్‌లో పెద్దిళ్ళవాళ్ళు పాలు లేకుండా తాగేవారు, మా వాళ్ళు పాలూ పంచదారా దండిగా పోసుకుని తాగేవారు. రెండు రకాలుగానూ నిలబడింది. కొండాకు ముసలామె ఇంకొన్ని పొదలు నాటింది. ఆ రెండు మూడేళ్ళూ మావయ్య కాస్త నిటారుగా నడిచారు.

యుద్ధం ముగిసిన కొన్నాళ్ళకి దీవిలో ఒక జలుబు జ్వరం దిగింది. ఇది మెట్టని కూడా వదల్లేదు. వీధుల్లో శవాల బళ్ళు పోయే చప్పుడు తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు. కొట్టు మూసేశారు. మావయ్యకి ముందు దగ్గు, తర్వాత ఊపిరి అందకపోవడం. నేను మా టీయే కాచి తీసుకెళ్ళాను. ఒక గుక్క తాగి గిన్నె పక్కన పెట్టారు.

"ఇందులో ఏమీ లేదమ్మా. వేడి నీళ్ళు."

ఆకు ఎక్కువ వేసి మళ్ళీ తెచ్చాను. మళ్ళీ అదే మాట. మూడోసారి నేను గిన్నె పట్టుకుని నిలబడితే నా మొహం చూసి, "నువ్వు తాగు. ఎలా ఉందో నువ్వు చెప్పు," అన్నారు.

మంచం పక్కన కూర్చుని తాగాను. ముందు వనిల్లా వాసన ముక్కుకి తగిలిందని చెప్పాను. తర్వాత కొండాకు గరుకు నాలుక పక్కల మీద. దాని వెనక సిలోనుది, సన్నగా, చివరిదాకా. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "పాళ్ళు సరిగ్గా ఉన్నాయి," అన్నారు. మర్నాడు ఆయనకి తెలివి లేదు. ఆ పై రోజు పోయారు.

ఫ్లాక్‌లోనూ ఇంటింటా మంచాలే. అక్కడ్నుంచి ఎవరూ రాలేకపోయారు. మా రామభజన బృందంలో నడవగలిగినవాళ్ళు నలుగురు మిగిలితే వాళ్ళే వచ్చారు. ఆ రోజుల్లో మా వాళ్ళని మట్టిలోనే పెట్టేవారు. భజన పెద్ద గుమ్మంలో నిలబడి, "ముందు నడవడానికి కొడుకు లేడు. ఎవరు నడుస్తారు?" అని అడిగారు.

"నేను నడుస్తాను."

ఆయన మిగతావాళ్ళ వైపు చూశారు. "సరే, నడు తల్లీ," అన్నారు. వాన పడుతోంది. భజన పాడటానికి ఎవరికీ గొంతు లేదు. నేను ముందు నడిచాను. మొదటి పిడికెడు మన్నూ నేనే వేశాను.

ఓడలు మళ్ళీ మామూలుగా రావడం మొదలైంది. సిలోన్ పెట్టెలు గోదాముల నిండా వచ్చాయి. ఇక ఈ దీవి ఆకుతో పనేముంది? సేఠ్ గారు చెడ్డవారు కాదు. నన్ను పిలిచి, పుల్లలు ఏరే పని ఎప్పటికీ నీదేనమ్మా అన్నారు. నేను కొన్నాళ్ళు చేసి మానేశాను. కాత్ర్ బోర్న్ సంతలో ఒక చీనా షావుకారు కొట్టు పక్కన చిన్న బల్ల వేసుకుని, ఎవరి నోటికి తగ్గట్టు వాళ్ళకి టీ పొడి కలిపి అమ్మడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళ పైచిలుకు అదే నా బతుకు. మళ్ళీ పెళ్ళి మాట మా అన్నయ్య రెండుసార్లు తెచ్చాడు. వద్దన్నాను.

బల్ల వేసిన కొత్తలో ఒకరోజు కొండాకు ముసలామె సంతకి వచ్చింది. నేనెక్కడున్నానో నలుగురినీ అడుగుతూ వచ్చిందట. గుడ్డలో కట్టిన ఆకు మూట నా బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యకి చూపించు. ఈసారి పొగ అసలు లేదు," అంది.

కబురు పంపే దిక్కు లేక, మావయ్య పోయిన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. ఆమె నా బల్ల వెనక నేల మీద కూర్చుండిపోయింది. కొడుకులు వచ్చి తేయాకు పొదలు పీకి చెరుకు వేశారనీ, ఇంటి వెనక నాలుగు పొదలు మాత్రం పీకనివ్వలేదనీ, అన్నయ్య ఎప్పటికైనా బొగ్గులు పంపుతాడని అనుకున్నాననీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. నేను నీళ్ళు మరిగించి ఆమె తెచ్చిన ఆకే వేశాను. దారిలో వానకి తడిసి ఆకు కొంచెం పులిసింది. ఇద్దరం ఆ మాట అనుకోకుండా తాగాం. తాగుతూ నేను ఏడ్చాను. మా ఆయనకీ మావయ్యకీ ఇద్దరికీ కలిపి ఏడ్చానేమో, ఎంతకీ ఆగలేదు. ఆమె నా వీపు నిమురుతూ కూర్చుంది. కొనడానికి వచ్చినవాళ్ళు చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

సాయంత్రం స్టేషన్ దాకా ఆమెతో నడిచాను. "ఆకు వచ్చినప్పుడు రా అమ్మా, మోసుకొచ్చే ఓపిక నాకు లేదు," అంది రైలెక్కుతూ.

వెళ్ళాను. మూడు నాలుగుసార్లు వెళ్ళాను. ఆమె పోయాక అటు వెళ్ళవలసిన పని లేకపోయింది.